లెక్కలో లేని హీరోలు

ఆడింది నిండా రెండేళ్లు కూడా కాదు. ఒకసారి కప్పు గెలిచారు, ఇంకోసారి ఫైనల్లో ఓడారు. ఆ తర్వాత జట్టూ లేదు, లీగూ లేదు... ఆఖరికి వాళ్లు కొట్టిన పరుగులు, తీసిన వికెట్లు రికార్డు పుస్తకాల్లో కూడా లేవు! హైదరాబాద్ హీరోస్ కథ ఇది.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు చిన్న క్విజ్. టీ20 లీగుల కాలం మొదలయ్యాక హైదరాబాద్ పేరు పెట్టుకుని మొదట కప్పు గెలిచిన జట్టు ఏది? నేటి కుర్రాళ్లను అడిగితే 2016 నాటి సన్‌రైజర్స్ అంటారు. కాస్త వయసున్నవాళ్లు, ‘అంతకు ముందే 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో డెక్కన్ చార్జర్స్ గెలిచింది కదా’ అని సరిదిద్దుతారు. రెండూ తప్పే. చార్జర్స్ కన్నా ఏడాది ముందే, అంటే 2008 ఏప్రిల్ మొదటి వారంలోనే హైదరాబాద్ హీరోస్ అనే జట్టు టీ20 కప్పు ఎత్తింది. ఫైనల్లో ఓడించింది అల్లాటప్పా జట్టును కాదు, ఇంజమాముల్ హక్ నాయకత్వంలో పాకిస్థాన్ స్టార్లంతా కలిసి ఆడిన లాహోర్ బాద్‌షాస్‌ని!

మరి ఎవరికీ గుర్తులేదేం? ఎందుకంటే అది ఐపీఎల్ కాదు, ఐసీఎల్... ఇండియన్ క్రికెట్ లీగ్. భారత క్రికెట్ బోర్డు దృష్టిలో అది రెబల్ లీగు. అందులో ఆడినవాళ్లంతా తిరుగుబాటుదారులే.

టీవీ గొడవతో మొదలు...

ఈ కథ మైదానంలో మొదలు కాలేదు, టెండర్ల దగ్గర మొదలైంది. జీ టీవీ అధినేత సుభాష్ చంద్రకు భారత్ ఆడే మ్యాచ్‌ల ప్రసార హక్కులు దక్కించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. 2004లో భారీ మొత్తానికి బిడ్ వేశాడు. అయినా దక్కలేదు. గొడవ కోర్టులకెక్కి చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. రాజ్యాంగంలోని 12వ అధికరణం ప్రకారం క్రికెట్ బోర్డు ‘రాజ్యం’ కిందికి రాదని ధర్మాసనం మెజారిటీతో తేల్చింది ఆ కేసులోనే. మళ్లీ 2006లో వేలం పెడితే నింబస్ అనే సంస్థ నాలుగేళ్లకు 61.2 కోట్ల డాలర్లు పెట్టి హక్కులు ఎగరేసుకుపోయింది.

ఆట చూపించనివ్వకపోతే ఆటనే సొంతంగా పెట్టుకుంటే పోలా! సుభాష్ చంద్ర చేసింది అదే. ఆలోచన కొత్తదేమీ కాదు. 1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ అనే టీవీ ఆసామి సరిగ్గా ఇదే పని చేశాడు. తన చానెల్‌కు హక్కులివ్వలేదని ప్రపంచ స్టార్లందరినీ కొనేసి వేరు కుంపటి పెట్టాడు. రెండేళ్లలో బోర్డు దిగొచ్చి హక్కులు అతని చేతిలో పెట్టింది. రంగు బట్టలు, ఫ్లడ్‌లైట్ల వెలుగులో వన్డేలు జనానికి అలవాటయ్యింది ఆ పుణ్యానే.

2007 మార్చిలో వెస్టిండీస్‌లో జరిగిన ప్రపంచకప్‌లో భారత్ బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి మొదటి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టింది. దేశమంతా బోర్డు మీద మండిపడుతోంది. ఇనుము వేడిగా ఉన్నప్పుడే సుభాష్ చంద్ర సుత్తి ఎత్తాడు. ఏప్రిల్‌లో వంద కోట్ల రూపాయల నిధితో ఐసీఎల్ ప్రకటించాడు. గెలిచిన జట్టుకు 10 లక్షల డాలర్లన్నాడు. ముందు నిలబెట్టింది ఎవరినో కాదు, 1983 ప్రపంచకప్ తెచ్చిన కపిల్‌దేవ్‌ని. బోర్డు ఊరుకుంటుందా? ఆగస్టుకల్లా జాతీయ క్రికెట్ అకాడమీ అధ్యక్ష పదవి నుంచి కపిల్‌ను తప్పించింది. ఐసీఎల్ వైపు వెళ్లిన ఏ ఆటగాడికైనా దేశవాళీ క్రికెట్ తలుపులు మూసేస్తామని హెచ్చరించింది. అదే చేత్తో రంజీ ఆటగాళ్లకిచ్చే మ్యాచ్ ఫీజులు, ప్రైజ్‌మనీ పెంచింది. ఇంత డబ్బు బోర్డు దగ్గర అంతకుముందు కూడా ఉంది కదా అని అప్పుడు అడిగినవాళ్లు లేకపోలేదు!

ఎందుకు వెళ్లారు?

2007 నాటికి రంజీ ఆటగాడి బతుకు ఎలా ఉండేదో ఇప్పటి ఐపీఎల్ వేలాలు చూసి ఊహించలేం. దేశం తరఫున ఆడితే కోట్లు. ఆడకపోతే బ్యాంకు జట్టులోనో, రైల్వేలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. మధ్యలో ఏమీ లేదు. పాతికేళ్లు దాటి, సెలక్టర్ల చూపు పడని కుర్రాడికి ముప్ఫై ఏళ్లకల్లా ఆట ముగిసినట్టే. అలాంటివాడి ముందుకు మూడేళ్ల కాంట్రాక్టు, ఏటా లక్షల్లో జీతం వచ్చిపడ్డాయి. ‘ఇండియాకు ఆడే అవకాశం పోతుంది’ అన్న బెదిరింపు అసలు ఆ అవకాశమే లేదనుకున్నవాణ్ని ఏం భయపెడుతుంది?

హైదరాబాద్ రంజీ జట్టు నుంచి గుంపుగా వెళ్లారు. వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్, అనిరుధ్ సింగ్, కలువ వినయ్ కుమార్, ఇందర్ శేఖర్ రెడ్డి, పేసర్ ఆల్ఫ్రెడ్ అబ్సలోం... ఇలా. వీళ్లందరి సంగతి ఒక ఎత్తు, అంబటి తిరుపతి రాయుడిది ఒక్కడిదే ఒక ఎత్తు.

రాయుడు గుంటూరులో పుట్టాడు. (వినుకొండ, నరసరావుపేట, మాచర్ల అప్పట్లో గుంటూరు జిల్లాలోనివే. పల్నాడు జిల్లా వేరుపడింది 2022 ఏప్రిల్‌లో. అంచేత ఈ ప్రాంతం వాళ్లు ‘మన జిల్లావాడు’ అని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.) 2002లో ఇంగ్లండ్ వెళ్లిన అండర్-19 జట్టులో ఆడి టాంటన్‌లో 177 నాటౌట్ కొట్టాడు. అదే ఏడాది నవంబర్‌లో, నిండా పదిహేడేళ్లప్పుడు, రంజీ మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్‌లో డబుల్ సెంచరీ, రెండో దాంట్లో సెంచరీ. అదీ ఆంధ్ర జట్టు మీదే! 2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌కు అతనే కెప్టెన్. అతని కింద ఆడిన కుర్రాళ్లెవరో తెలుసా? శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఉతప్ప, ఆర్పీ సింగ్. తర్వాత వాళ్లంతా వరసగా టీమిండియాలోకి వెళ్లిపోయారు. కెప్టెన్ మాత్రం హైదరాబాద్ క్రికెట్ గొడవల మధ్య నలిగి, 2005-06లో ఆంధ్రకు మారి, మళ్లీ హైదరాబాద్‌కు వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఐసీఎల్‌కు సంతకం చేసేనాటికి అతనికి ఇంకా ఇరవై రెండు నిండలేదు.

మిగతావాళ్లు పోగొట్టుకునేది పెద్దగా లేదు. రాయుడికి ఉంది. ఆ వయసులో ఆ సంతకం చేయించింది డబ్బొక్కటే అయి ఉండదు.

స్థానికులకు తోడు విదేశీయులు వచ్చారు. కెప్టెన్ న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ క్రిస్ హారిస్. పాకిస్థాన్ నుంచి అబ్దుల్ రజాక్, దక్షిణాఫ్రికా స్పిన్నర్ నిక్కీ బోయే, తర్వాత ఆస్ట్రేలియా నుంచి జిమ్మీ మహర్. కర్ణాటక నుంచి స్టువర్ట్ బిన్నీ. కోచ్‌గా ఆస్ట్రేలియా మాజీ వికెట్ కీపర్ స్టీవ్ రిక్సన్. ఈ రిక్సన్ సంగతి వింటే విధి ఎంత తమాషాగా ఉంటుందో తెలుస్తుంది. 1977లో రాడ్ మార్ష్ ప్యాకర్ లీగ్‌కు వెళ్లిపోయాడు కాబట్టే ఖాళీ అయిన ఆ స్థానంలో రిక్సన్ భారత్ మీద తొలి టెస్టు ఆడాడు. రెబల్స్ వల్ల టోపీ దక్కించుకున్నవాడు ముప్ఫై ఏళ్ల తర్వాత రెబల్స్‌కే కోచ్ అయ్యాడు!

గ్రౌండ్ ఎక్కడ?

వినుకొండ వైపు సంక్రాంతి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు నడిపినవాళ్లకు ఐసీఎల్ పడ్డ బాధ ఇట్టే అర్థమవుతుంది. చందాలు వస్తాయి, కప్పు కొంటారు, జట్లు పేర్లిస్తాయి... తీరా హైస్కూలు గ్రౌండ్ ఇవ్వనంటారు. అప్పుడు కోత అయిపోయిన పొలమేదో చూసుకోవాల్సిందే. దేశంలో పెద్ద స్టేడియాలన్నీ బోర్డు అనుబంధ సంఘాల చేతుల్లో ఉన్నాయి. రైల్వే మంత్రిగా ఉన్న లాలూప్రసాద్ మాత్రం ‘మా రైల్వే గ్రౌండ్లున్నాయి, తీసుకోండి’ అన్నాడు. చివరికి చండీగఢ్ పక్కన పంచకులలోని తావూ దేవీలాల్ స్టేడియంలో 2007 నవంబర్ 30న తొలి బంతి పడింది. ఆరు జట్లు. రెండున్నర వారాల టోర్నీలో చెన్నై సూపర్‌స్టార్స్ గెలిచింది.

రెండో టోర్నీ 2008 మార్చిలో మొదలైంది. ఈసారి ఎనిమిది జట్లు. లాహోర్, అహ్మదాబాద్ కొత్తగా చేరాయి. వేదికల్లో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం కూడా ఉంది. 2005లో ఉప్పల్ స్టేడియం వచ్చాక క్రికెట్ సంఘం అటు తరలిపోయింది. సర్కారు చేతిలో ఉన్న ఎల్బీ స్టేడియం పెద్ద మ్యాచ్‌ల మొహం చూసి చాలా రోజులైంది. అదే మైదానంలో 1999 నవంబర్‌లో న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్‌తో కలిసి 331 పరుగుల భాగస్వామ్యం! ఆ తర్వాత దాని పేరు ఎక్కువగా వినిపించింది ప్రమాణ స్వీకారాలప్పుడే. 1983లో ఎన్టీఆర్, 2004లో వైఎస్, 2023లో రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. అలాంటి చోట మళ్లీ ఫ్లడ్‌లైట్లు వెలిగాయి, సొంత ఊరి జట్టు ఆడింది.

హీరోస్ ఫైనల్ చేరింది. మూడు ఫైనళ్లలో రెండు గెలిచినవాళ్లకు కప్పు. మొదటిది హైదరాబాద్ నెగ్గింది. రెండోది టై! అప్పటికి సూపర్ ఓవర్ అనేది ఇంకా రాలేదు. టై అయితే బౌల్ అవుట్. అంటే బ్యాట్స్‌మన్ ఉండడు, బౌలర్లు వరసగా వచ్చి ఖాళీ వికెట్లకు గురిపెట్టి కొట్టాలి. 2007 సెప్టెంబర్‌లో డర్బన్‌లో పాకిస్థాన్‌ను ధోనీ సేన ఓడించింది ఇలాగే. హీరోస్ కూడా అలాగే గెలిచింది. మూడో ఫైనల్ అవసరమే రాలేదు.

ఆ సంబరం నిలిచింది రెండు వారాల లోపే. ఏప్రిల్ 18న బెంగళూరులో ఐపీఎల్ మొదలైంది.

అసలు కథ మలుపు తిరిగింది అంతకుముందే. 2007 సెప్టెంబర్‌లో భారత్ తొలి టీ20 ప్రపంచకప్ గెలిచింది. అప్పటిదాకా ఈ పొట్టి ఆటను పట్టించుకోని బోర్డు, ఐసీఎల్ తయారుచేసుకున్న వంటకాన్నే ఇంకా పెద్ద పళ్లెంలో వడ్డించింది. తేడా ఎక్కడంటే, ఐసీఎల్‌లో జట్లన్నీ ఒకే యజమానివి. హైదరాబాద్ హీరోస్ అయినా ముంబై చాంప్స్ అయినా జీతమిచ్చే చెయ్యి ఒకటే, నష్టం వచ్చినా ఒక్కరికే. ఐపీఎల్‌లో ఒక్కో ఊరినీ ఒక్కో ఆసామికి అమ్మేశారు. హైదరాబాద్‌ను డెక్కన్ క్రానికల్ 10.7 కోట్ల డాలర్లకు కొంది. దానికి తోడు ధోనీ, సచిన్ లాంటి వాళ్లు ఐపీఎల్‌లోనే ఉన్నారు. ఇక పోటీ ఏముంది!

2008 అక్టోబర్, నవంబర్‌లో ఐసీఎల్ మరో టోర్నీ జరిగింది. మళ్లీ ఫైనల్ హైదరాబాద్, లాహోర్ మధ్యే. ఈసారి 2-1తో లాహోర్ బదులు తీర్చుకుంది. ఢాకా నుంచి కూడా ఓ జట్టు వచ్చింది. ఆ వెంటనే దేశాలవారీగా జట్లు కట్టి ఇంకో సిరీస్ మొదలుపెట్టారు. అది నడుస్తుండగానే నవంబర్ 26న ముంబైపై ఉగ్రదాడి. సిరీస్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఐసీఎల్‌లో ఇంకో బంతి పడలేదు. జీతాలు సరిగా అందడం లేదని ఆటగాళ్ల మాటలు బయటికొచ్చాయి. 2009 ఏప్రిల్‌లో బోర్డు ఓ మెట్టు దిగి, మే 31 లోపు ఐసీఎల్‌తో తెగతెంపులు చేసుకుని వస్తే క్షమిస్తామంది. డెబ్బై మందికి పైగా భారత ఆటగాళ్లు వరస కట్టారు. దేశవాళీలో వెంటనే ఆడొచ్చు, టీమిండియాకు మాత్రం ఏడాది ఆగాలన్నది షరతు. కపిల్‌దేవ్‌కూ బోర్డుకూ రాజీ కుదిరింది మాత్రం 2012లో.

మచ్చ కూడా మిగిలింది. చండీగఢ్ జట్టుకు ఆడిన న్యూజిలాండ్ బ్యాట్స్‌మన్ లూ విన్సెంట్ ఐసీఎల్‌లో ఫిక్సింగ్‌కు పాల్పడ్డానని 2014లో ఒప్పుకున్నాడు. అదే జట్టు కెప్టెన్ క్రిస్ కెయిర్న్స్ మీదా ఆరోపణలొచ్చాయి కానీ, ఆ వ్యవహారానికి సంబంధించి అబద్ధపు సాక్ష్యం చెప్పాడన్న కేసులో 2015లో లండన్ కోర్టు అతణ్ని నిర్దోషిగా వదిలేసింది.

ఆ తర్వాత ఎవరేమయ్యారు?

అబ్దుల్ రజాక్‌కు అదృష్టం అందరికన్నా ముందు తగిలింది. నిషేధం తొలగిందో లేదో, 2009 టీ20 ప్రపంచకప్ మధ్యలో గాయపడ్డ ఆటగాడి స్థానంలో పిలుపొచ్చింది. జూన్ 21న లార్డ్స్ ఫైనల్లో శ్రీలంక టాపార్డర్‌ను కూల్చి 20 పరుగులకు 3 వికెట్లు తీశాడు. పాకిస్థాన్ ప్రపంచ విజేత!

స్టువర్ట్ బిన్నీ కర్ణాటకకు తిరిగెళ్లి, ఓపికపట్టి 2014లో టీమిండియా టోపీ సంపాదించాడు. ఆ జూన్‌లో మీర్పూర్‌లో భారత్ 105కే ఆలౌటైన వన్డేలో 4.4 ఓవర్లు వేసి 4 పరుగులకు 6 వికెట్లు తీశాడు. బంగ్లాదేశ్ 58కి చాప చుట్టేసింది. కుంబ్లే, బుమ్రా, సిరాజ్ ఎవరైనా ఆ అంకె తర్వాతే. ఒకనాడు బోర్డు వెలివేసిన ఈ కుర్రాడి తండ్రి రోజర్ బిన్నీ 2022లో అదే బోర్డుకు అధ్యక్షుడు కావడం ఇంకో ముచ్చట.

రాయుడి దారి మాత్రం సాఫీగా సాగలేదు. 2010లో ముంబై ఇండియన్స్ తీసుకుంది. రంజీకి హైదరాబాద్‌ను వదిలి బరోడా వెళ్లాడు. అండర్-19లో తన కింద ఆడినవాళ్లు సీనియర్లైపోయాక, 2013 జులైలో హరారేలో తొలి వన్డే ఆడాడు. 63 నాటౌట్. అప్పటికి వయసు 27. మొత్తం 55 వన్డేల్లో 1694 పరుగులు, సగటు 47.05, మూడు సెంచరీలు. ఇవి మామూలు లెక్కలు కావు. 2019 ప్రపంచకప్‌కు నాలుగో నంబర్ అతనిదేనని అందరూ అనుకున్నారు. ఎంపిక మాత్రం విజయ్ శంకర్‌ది. అతను బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడు కోణాల్లోనూ పనికొస్తాడని చెప్పిన చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరే! ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు కొన్నానంటూ రాయుడు ట్విటర్లో చురక వేశాడు. స్టాండ్‌బైగా ఉన్నా, ఇద్దరు గాయపడినా పిలుపు రాలేదు. జులైలో రిటైర్మెంట్ ప్రకటించి, మళ్లీ వెనక్కి తీసుకుని, చెన్నైకి ఆడి, 2023 ఫైనల్‌తో ఐపీఎల్ చాలించాడు. ముంబైతో మూడు, చెన్నైతో మూడు... ఆరు ఐపీఎల్ కప్పులు. ఆ ఏడాది చివర్లో రాజకీయాల్లోకి వెళ్లి, పట్టుమని పదిహేను రోజులైనా ఉండకుండా బయటికొచ్చేశాడు.

ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు దాకా అంటే బ్యాట్స్‌మన్‌కు కళ్లూ కాళ్లూ చెప్పినట్టు వినే వయసు. అందులో దాదాపు రెండేళ్లు ఐసీఎల్‌లో ఖర్చయ్యాయి. పోనీ అక్కడ ఆడిందైనా లెక్కలోకి వచ్చిందా అంటే, అదీ లేదు. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఐసీఎల్‌ను గుర్తించలేదు కాబట్టి ఆ మ్యాచ్‌లకు అధికారిక టీ20 హోదా లేదు. రాయుడి పరుగులే కాదు, హీరోస్ గెలిచిన ఆ కప్పు కూడా ఏ రికార్డులోనూ చేరదు.

కప్పు గెలిచి మాయమవడం హైదరాబాద్ జట్లకు కొత్త కూడా కాదు. 2005లో మొదలైన ప్రీమియర్ హాకీ లీగ్ తొలి విజేత హైదరాబాద్ సుల్తాన్స్. 2008తో ఆ లీగే అటకెక్కింది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ యజమాని అప్పుల్లో కూరుకుపోతే 2012 సెప్టెంబర్‌లో బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. మరుసటి నెలలోనే ఏడాదికి 85.05 కోట్లకు సన్ టీవీ కొనుక్కుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టింది. అయితే చార్జర్స్ గెలిచిన కప్పు రికార్డుల్లో భద్రంగా ఉంది. సుల్తాన్స్‌ను హాకీ అభిమానులైనా తలుచుకుంటారు. వెలి వేసింది హీరోస్‌నే.

ఇక ఇబ్రహీం ఖలీల్. హీరోస్‌కు కీపింగ్ చేసి, క్షమాభిక్ష తర్వాత మామూలుగా రంజీలో అడుగుపెట్టాడు. 2011 నవంబర్‌లో గువాహటిలో అస్సాంతో మ్యాచ్. రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 11 క్యాచ్‌లు, 3 స్టంపింగ్‌లు... 14 మందిని ఔట్ చేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ పుట్టినప్పటి నుంచి ఒక్క మ్యాచ్‌లో ఏ కీపరూ అంతమందిని పంపలేదు. అది మాత్రం రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. ఆ తర్వాత అతను అమెరికా వెళ్లాడు. అక్కడ క్లబ్ క్రికెట్ ఆడుతూ, ముప్ఫై అయిదు దాటే వయసులో అమెరికా జాతీయ జట్టులోకి వచ్చి, దానికి కెప్టెన్ కూడా అయ్యాడు.